నూట ముప్ఫై మూడు గ్రాములు

28 జులై 2014, సోమవారం

డైరీ రాయమని కెరీర్ కోచ్ చెప్పింది. కంపెనీవాళ్లు నా ఉద్యోగం తీసుకుని, బదులుగా ఆవిడతో మూడు మీటింగులు ఇచ్చారు. "మీ మనసులో ఉన్నది కాగితం మీద పెట్టండి, శ్రీని" అంది. శ్రీనివాసమూర్తి అనే పేరుని ఆక్లండ్‌లో దిగిన వారంలోనే సగానికి కోసేశారు, ఆ సంగతి ఇంకోసారి. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి చూపించడమే నా పని. మనసులో ఏముందో తెలీదు గానీ, తప్పులైతే ఎవరివైనా సరే వరుసగా రాయగలను.

మే నెలాఖర్న నన్ను తీసేశారు. తీసేశారు అనకూడదట, 'రోల్ లేకుండా పోయింది' అనాలట. నేనున్నాను, నా కుర్చీ ఉంది, కిటికీలోంచి ఆల్బనీ బస్ స్టేషన్ ఎప్పట్లాగే కనిపిస్తోంది, రోల్ ఒక్కటే లేకుండా పోయింది. క్యారట్ కేక్ కోసి, వాసన కొవ్వొత్తి ఒకటి చేతిలో పెట్టి పంపించారు.

రాజశ్రీకి తెలుసు. వర్షిణికి చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్లకి ఇవన్నీ ఎందుకు, నెల తిరిగేసరికి ఇంకోటి దొరుకుతుంది కదా అన్నాను. రెండు నెలలైంది. దానికి చెప్పిన మాట, నాన్నకి వర్క్ ఫ్రమ్ హోమ్ అని. అందుకని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటాను. అది బడికి వెళ్లగానే చొక్కా విప్పేస్తాను. మూడింటికి మళ్లీ వేసుకుంటాను. ఈ పద్ధతి బాగానే పనిచేస్తోంది.

30 జులై, బుధవారం

వర్షిణి స్కూల్లో సైన్స్ ఫెయిర్ అట, ఆగస్టు ఇరవైన. మొదటి ముగ్గురినీ ఆక్లండ్ మొత్తానికి జరిగే పెద్ద ఫెయిర్‌కి పంపిస్తారు. కిందటేడు గౌతమ్ కొడుకు అభినవ్ వెళ్లాడు. గౌతమ్‌ది గుంటూరు, మా వీధి చివరే ఉంటాడు, మంచివాడే. కొడుకు మెడల్ ఫోటో మాత్రం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు పెట్టాడు. నాలుగోసారి పొరపాటున నొక్కుకుపోయిందన్నాడు.

మా అమ్మాయి ఎంచుకున్న విషయం ఏమిటయ్యా అంటే, పొట్టి పెన్సిల్.

"క్లాస్‌లో పెన్సిల్స్ టిన్ ఉంటుంది నాన్నా. లాస్ట్‌గా వెళ్తే స్టబ్సే మిగుల్తాయి. వాటితో రాస్తే నా చెయ్యి నొప్పి పుడుతుంది. వై?"

పక్కింటి పిల్ల నీళ్ల రాకెట్ చేస్తోంది, ఇంకెవరో సోలార్ ఓవెన్. మాది పెన్సిల్ ముక్క. అయినా మొహంలో ఏమీ కనబడనివ్వకుండా వివరించాను. పెన్సిల్ ఒక లీవర్. దాని వెనక భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో ఆనుతుంది, అది ఆధారం. మొన కాగితాన్ని ఒత్తుతుంది. వేళ్లు ఆ రెండింటికీ మధ్యలో పట్టుకుని నొక్కుతాయి. బలం మధ్యలో, పని చివర్న, అంటే మొన దగ్గర వంద గ్రాముల ఒత్తిడి కావాలంటే వేళ్లు వందకి పైనే పెట్టాలి. పెన్సిల్ పొడుగ్గా ఉంటే కాస్త ఎక్కువ, పొట్టిదైతే ఏకంగా రెట్టింపు.

"సో, స్టబ్స్ ఆర్ యాక్చువల్లీ హార్డర్" అంది, దాని కళ్లు వెలిగాయి. నాకూ చాలా రోజుల తర్వాత ఎవరికో పనికొచ్చినట్టు అనిపించింది.

ఈసారి పెద్ద ఫెయిర్‌కి మా అమ్మాయే వెళ్లాలి. ఇది దాని కోసం.

2 ఆగస్టు, శనివారం

అంతా వర్షిణే చేస్తోంది. నేను సాయం మాత్రమే.

సాయం అంటే: చెక్క కోశాను, మేకు కొట్టాను, పెన్సిళ్ల వెనక చివర చిల్లులు పెట్టాను. మేకు పెన్సిల్‌కి ఆధారం. మొన వంటింటి త్రాసు మీద ఆనుతుంది. మొనకి మూడు సెంటీమీటర్ల ఇవతల, అంటే మనం వేళ్లతో పట్టుకునే చోట, దారం కట్టి స్ప్రింగ్ త్రాసుతో కిందకి లాగాలి. వంటింటి త్రాసు వంద చూపించగానే స్ప్రింగ్ త్రాసు ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. స్ప్రింగ్ త్రాసు స్కూలువాళ్లదే, వర్షిణి టీచర్ మిసెస్ డాల్టన్ ఇచ్చింది. పెన్సిళ్లు మొత్తం మూడు: పన్నెండు, తొమ్మిది, ఆరు సెంటీమీటర్లవి.

వర్షిణి దారం కట్టింది. ముడి వదులుగా ఉందని విప్పి మళ్లీ నేనే కట్టాను.

5 ఆగస్టు, మంగళవారం

గోంగూర అయిపోయిందని, మన సరుకుల దుకాణాలుండే శాండ్రింగ్‌హామ్ వెళ్లాను. గోంగూర లేకపోతే ఆగే ఇల్లు కాదు మాది, ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. కొమురయ్య గారి షాపులో ఆయన తప్ప ఎవరూ లేరు. కరీంనగర్ మనిషి, అన్నీ గమనిస్తాడు.

"ఏం సార్, మంగళారం పొద్దుగాల్నే వచ్చిన్రు. ఆఫీస్ లేదా?"

"వర్క్ ఫ్రమ్ హోమ్ అండీ."

"మంచిగుంది సార్. ఇంట్ల పని చేసుడంటే దుకాణాలు తిరుగుడన్న మాట. మాకు గిట్ల జెప్పెటోళ్లు లేకపాయె."

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. గోంగూర బాగాలేదు.

9 ఆగస్టు, శనివారం

వర్షిణి రీడింగులు తీసింది. ఒక్కో పెన్సిల్‌కి మూడేసి సార్లు. నన్ను గది బయట ఉండమంది, ఎందుకో.

ఫలితాలు ఇక్కడ రాసిపెడుతున్నాను, ముందు ముందు నవ్వుకోవడానికి పనికొస్తాయి. పన్నెండు సెంటీమీటర్లది: 150, 140, 160. తొమ్మిదిది: 170, 180, 170. ఆరుది: 260, 240, 290.

లెక్క ప్రకారం రావాల్సినవి 133, 150, 200. ఒక్కటైనా దరిదాపుల్లో ఉందా? ఒకే పెన్సిల్‌కి ఒకసారి 240, ఇంకోసారి 290 వస్తే దాన్ని కొలత అనరు.

కింద దాని చేతిరాతతో ఒక వాక్యం కూడా ఉంది. పొట్టిదానికి లెక్కకంటే చాలా ఎక్కువ పడుతోంది, నాన్న కొట్టిన మేకు బిగుతుగా ఉందేమో, లేక స్టబ్స్ నిజంగానే మనం అనుకున్నదానికంటే చెడ్డవేమో అని. ప్రయోగం తప్పొస్తే మేకుదీ నాన్నదీ తప్పు. బాగుంది.

13 ఆగస్టు, బుధవారం

ఇంటర్వ్యూ. బాగా జరిగింది.

15 ఆగస్టు, శుక్రవారం

వాళ్లకి 'టీమ్‌లో కలిసిపోయే' మనిషి కావాలట.

మొన్నటి మాటకి చిన్న సవరణ. ఇంటర్వ్యూ పదకొండు నిమిషాలు జరిగింది. అందులో నాలుగు నిమిషాలు వాన గురించి.

17 ఆగస్టు, ఆదివారం

ఈ రోజు చాలా పని జరిగింది.

ముందు బోర్డు. వర్షిణి మధ్యలో పెద్ద అక్షరాలతో 'స్టబ్స్‌తో చెయ్యి ఎందుకు నొప్పి పుడుతుంది?' అని ఇంగ్లీషులో రాసి, ఏడుస్తున్న పెన్సిల్ బొమ్మ వేసింది. ముద్దుగానే ఉంది. ముద్దుకి మెడల్ ఇవ్వరు. నేను 'మూడో తరగతి లీవర్లలో బలానికీ భారానికీ గల సంబంధంపై పరిశీలన' అని ప్రింట్ తీసి దాని మీద అంటించాను. బొమ్మ అడుగున ఉండిపోయింది.

తర్వాత లాగ్‌బుక్. ఏ రోజు ఏం చేశారో పిల్లలు తమ చేత్తో రాసుకునే నోటుపుస్తకం. తీసి చూస్తే, కొట్టివేతలు, ఒకచోట మైలో పాలు ఒలికిన మరక, ఇంకోచోట ఆ ముష్టి రీడింగులు. ఇది పట్టుకెళ్తే గౌతమ్ ఎదురుగా నా పరువేం కాను?

కాకినాడలో ఇంటర్ చదివేటప్పుడు ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు మేము ఎలా రాశామో ఎవరూ నేర్పక్కర్లేదు. లోలకం ఊపి గురుత్వ త్వరణం కనుక్కోవాలి. జవాబు 980 రావాలని లోకానికంతా తెలుసు. లోలకానికి మాత్రం తెలీదు, అది ఇష్టం వచ్చినట్టు ఊగేది. అందుకని ముందు 980 రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి రీడింగులు నింపేవాళ్లం. మరీ కచ్చితంగా ఉంటే లెక్చరర్‌కి అనుమానం వస్తుందని అక్కడక్కడా ఒకటో రెండో అటూ ఇటూ చల్లేవాళ్లం, పోపులో ఇంగువలాగా. మా సీనియర్ల రికార్డుల్లోనూ అవే అంకెలు, వాళ్ల సీనియర్లవీ అవే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కాఫీ తాగుతూ ప్రతి పేజీకీ టిక్కు పెట్టేవాడు. నాకు ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి.

ఆ విద్య ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. కొత్త నోటుపుస్తకం తెచ్చి, వర్షిణిని కూర్చోబెట్టి చెప్తూ రాయించాను. పన్నెండుకి 133, 134, 132. తొమ్మిదికి 150, 151, 149. ఆరుకి 200, 202, 199. రోజుకో పెన్ను మార్చమన్నాను, వేర్వేరు తేదీల్లో రాసినట్టు కనబడాలి కదా.

మూడో అంకె దగ్గర పెన్ను ఆపింది.

"బట్ నాన్నా, నాకు ఇది రాలేదు."

"నీకు వచ్చింది నీకు వచ్చింది. రావాల్సింది ఇది."

"దెన్ వై డిడ్ ఐ డూ ఇట్?"

"చెయ్యడం ముఖ్యం కాబట్టి. రాయి."

నా మొహంలోకి కాసేపు చూసి రాసింది. ఎదురు చెప్పలేదు. పెద్దదవుతోంది, అర్థం చేసుకుంటోంది. పాత నోటుపుస్తకాన్ని రీసైక్లింగ్ డబ్బాలో పడేశాను.

20 ఆగస్టు, బుధవారం

ఫెయిర్ అయింది. ఏమీ రాలేదు. మిసెస్ డాల్టన్‌కి లాగ్‌బుక్‌లో ఏదో చిన్న సందేహం వచ్చింది, అప్పటికి నేను కారు ఎక్కడ పెట్టానో చూసుకోవడానికి బయటికి వెళ్లాను. మొదటి బహుమతి నీళ్ల రాకెట్‌కి.

21 ఆగస్టు, గురువారం

వర్షిణి అన్నం గదిలోకి తీసుకెళ్లి తింది.

22 ఆగస్టు, శుక్రవారం

పెద్ద ఫెయిర్‌కి పేర్లు వెళ్లిపోయాయట. పోతే పోయింది, పొట్టి పెన్సిల్‌తో ప్రపంచం ఆగదు.

ఇంకో మూడు అప్లికేషన్లు పంపాను.

23 ఆగస్టు, శనివారం

గౌతమ్ వచ్చాడు. ఫెయిర్ రోజు స్కూల్లో పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర వాలంటీర్‌గా కూర్చున్నది ఆయనే. కాఫీ ఇచ్చాను. కాసేపు వాన గురించి, కాసేపు నిమ్మచెట్టు గురించి మాట్లాడాడు. కప్పు కింద పెడుతూ గొంతు తగ్గించాడు.

"మూర్తి గారూ, ఏమీ అనుకోకండి. నేను అక్కడే ఉన్నాను కదా. మీరొక్క మాట చెప్పుంటే పాప మీదకి వచ్చేది కాదేమో."

"నేను అప్పుడు కారు దగ్గరున్నాను."

గౌతమ్ నా వైపు చూశాడు, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కొడుక్కి మెడల్ వచ్చింది కదా అని ఊరందరికీ నీతులు చెప్పడానికి బయల్దేరాడు. అభినవ్ చేసిన ఆ బ్రిడ్జి మోడల్‌కి కీళ్లు ఎవరు అతికించారో నాకు తెలీదనుకుంటున్నాడు.

25 ఆగస్టు, సోమవారం

ఇరవయ్యో తేదీ పేజీలో రాసింది అబద్ధం. నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను. అసలు జరిగింది ఇది.

మిసెస్ డాల్టన్ మా బోర్డు దగ్గరకొచ్చింది. లాగ్‌బుక్ తిరగేసింది. 'వెరీ నీట్' అంది, నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత టేబుల్ మీదున్న స్ప్రింగ్ త్రాసు తీసి నోటుపుస్తకం పక్కన పెట్టి, ఈ నూట ముప్ఫై మూడు ఇందులో ఎక్కడ కనబడిందో చూపిస్తావా అని వర్షిణిని అడిగింది. గద్దించలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

ఆ త్రాసు మీద గీతలు పదేసి గ్రాములకి ఒకటి. నూట ముప్ఫై, నూట నలభై. మధ్యలో ఏమీ లేదు. దాని మీద 133 చదవడం మనిషి వల్ల కాదు, 134, 132 సంగతి సరేసరి. వర్షిణి పాత రీడింగులన్నీ పదుల్లోనే ఉన్నాయి. పద్నాలుగేళ్లు తప్పులు పట్టి జీతం తీసుకున్న వాణ్ణి, దారం ముడి చూశాను గానీ త్రాసు మీద గీతలు చూడలేదు.

వర్షిణి తలెత్తి నా వైపు చూసింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను, కారు దగ్గర కాదు. అది చూస్తోందని నాకు తెలుసు. నేను తల తిప్పుకుని పక్క టేబుల్ మీద నీళ్ల రాకెట్ ఎలా చేశారో చాలా శ్రద్ధగా పరిశీలించాను. గౌతమ్ చూసింది అదే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సాయంత్రం రాజశ్రీ పని నుంచి వచ్చి బ్యాగ్ కూడా దించకుండా నా ఎదురుగా కూర్చుంది. స్కూలు నుంచి తనకి ఫోన్ వచ్చిందట. లాగ్‌బుక్‌లో అంకెలు కల్పించి రాశానని వర్షిణి ఒప్పుకుందట. నేనే రాశాను, ఇంట్లో ఎవరికీ తెలీదు అందట. స్కూలువాళ్లు దాని పేరు మీద ఫైల్లో ఒక నోట్ పెడతారట, వచ్చే ఏడాది కాలేజీకి, ఇక్కడ హైస్కూలుని అలాగే అంటారు, వెళ్లేటప్పుడు ఆ ఫైల్ కూడా వెళ్తుంది.

"ఎందుకలా చెప్పావే అని అడిగాను" అంది రాజశ్రీ. "ఏమందో తెలుసా? నాన్నకి ఇప్పుడు ఇదొక్కటే ఉంది కదమ్మా, అది కూడా పాడైతే ఎలా అంది."

"ఇదొక్కటే అంటే?"

"మీకు ఉద్యోగం లేదని దానికి జూన్ నుంచీ తెలుసండీ. ఒకరోజు ఒంట్లో బాగాలేక మధ్యాహ్నమే వచ్చిందట. మీరు బనీనుతో సోఫాలో పడుకునున్నారట. మిమ్మల్ని లేపకుండా వెనక్కెళ్లి, మూడింటిదాకా లైబ్రరీలో కూర్చుని వచ్చిందట."

రాజశ్రీ పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో. లేవబోతూ ఒక మాట అంది. "రావాల్సిన అంకె నేనూ రాయగలను. రాస్తే మనుషులు చచ్చిపోతారు, అందుకని రాయను." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

సిగ్గేస్తోంది. ఇంకో మాట దొరకడం లేదు.

26 ఆగస్టు, మంగళవారం

స్కూలుకి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

వర్షిణికి ముందుగా చెప్పలేదు. చెప్తే వద్దంటుందని భయం, దాని మొహం చూస్తే నా నోరు పెగలదని ఇంకో భయం. మిసెస్ డాల్టన్ క్లాసులో పిల్లలెవరూ లేరు. చిన్నపిల్లల కుర్చీలో నన్ను కూర్చోమంది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని మొత్తం చెప్పాను. అంకెలు నావి, చెప్పి రాయించింది నేను, పెన్నులు మార్చమన్నది నేను, పాత పుస్తకం పడేసింది నేను. మా దేశంలో రికార్డులు ఇలాగే రాస్తాం అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. నా తప్పుకి మొత్తం దేశాన్ని వాయిదాకి పిలవడం బాగుండదు.

అసలు రీడింగులు ఏమైనా మిగిలాయా అని అడిగింది. వెక్కిరించడానికి ఈ డైరీలో రాసుకున్నవి ఉన్నాయి కదా. పొద్దున్నే ఒక కాగితం మీదకి ఎత్తి రాసి తీసుకెళ్లాను, తొమ్మిది అంకెలూ, కింద దాని వాక్యమూ.

ఆవిడ చాలాసేపు చూసింది. వేలితో కిందకి వరుసగా తడుముకుంటూ వచ్చింది. పొడుగు పెన్సిల్‌కి లెక్కకీ కొలతకీ తేడా తక్కువ, పొట్టిదానికొచ్చేసరికి తేడా బాగా పెరిగింది, అది మేకు దగ్గర రాపిడి, పెన్సిల్ పొట్టిదయ్యే కొద్దీ రాపిడి ఎక్కువ బాధపెడుతుంది అని చెప్పింది. వర్షిణి దాదాపుగా అది కనుక్కుందట. ఈ కాగితం బోర్డు మీద ఉండుంటే బెల్లు కొట్టేదాకా ఆ పిల్లతోనే మాట్లాడేదాన్ని అంది.

పెద్ద ఫెయిర్‌కి ఇంకా ఏమైనా వీలుందా అని అడిగాను. లేదంది. ఫైల్లో నోట్ తీసేస్తానంది. దాని బదులు, జరిగింది జరిగినట్టు నా సంతకంతో రాసిమ్మంది. రాసిచ్చాను. సగం పేజీ. నా జీవితంలో వెనక్కి లెక్కెయ్యకుండా రాసిన మొదటి రికార్డు అదేనేమో.

బయటికొచ్చేటప్పుడు తేలిగ్గా ఉంది. వర్షిణి మెడ మీద పడి థాంక్యూ నాన్నా అంటుందని ఊహించుకుంటూ ఇంటికి వచ్చాను. ఈ వయసులో కూడా నా ఊహలకి కొదవలేదు.

27 ఆగస్టు, బుధవారం

మిసెస్ డాల్టన్ పిలిచి చెప్పిందట. వర్షిణి ఇంటికొచ్చి బ్యాగ్ నేలకేసి కొట్టింది.

"నన్ను అడక్కుండా ఎందుకు వెళ్లావ్? ఐ టోల్డ్ హర్ ఇట్ వాజ్ మీ. ఇప్పుడు నేను నంబర్స్ గురించి అబద్ధం చెప్పాను, నీ గురించి కూడా అబద్ధం చెప్పాను. టూ లైస్. షీ వాజ్ సో నైస్ అబౌట్ ఇట్, ఐ వాంటెడ్ టు డై."

"నీ మీద తప్పు ఉండకూడదని..."

"నువ్వు వచ్చి చెప్పాల్సింది వెన్ ఐ లుక్డ్ ఎట్ యూ."

తలుపు వేసుకుంది. నా దగ్గరున్న జవాబులన్నీ అది ఎరిగినవే.

28 ఆగస్టు, గురువారం

తలుపు.

29 ఆగస్టు, శుక్రవారం

బోర్డు స్కూలు నుంచి వచ్చేసింది. నేను అంటించిన ప్రింట్ పీకబోతే అడుగున బొమ్మ కూడా చిరిగింది. చిరగలేదని రాద్దామనుకున్నాను. చిరిగింది, పెన్సిల్ తల సగం ఊడొచ్చింది.

మధ్యాహ్నం ఇంకో ఇంటర్వ్యూ ఉంటే వెళ్లొచ్చాను.

30 ఆగస్టు, శనివారం

రాజశ్రీకి శనివారం డ్యూటీ. ఇంట్లో నేనూ వర్షిణీ. పన్నెండింటికి పప్పూ అన్నం వండి, ఆమ్లెట్ వేసి పిలిచాను. వస్తుందనుకోలేదు. వచ్చి కూర్చుంది. పళ్లెం వైపు చూస్తూ తింటోంది.

సారీ అన్నాను. ఫెయిర్ రోజు నువ్వు నా వైపు చూసినప్పుడు నేను చూడనట్టు నటించాను, భయపడ్డాను, చాలా తప్పు చేశాను అన్నాను. ఇంగ్లీషులో అనాలో తెలుగులో అనాలో తెలీక రెంటిలోనూ అన్నాను.

అది తింటూనే ఉంది. "నిన్న ఎక్కడికి వెళ్లావ్ నాన్నా? టై కట్టుకున్నావ్" అంది.

"ఇంటర్వ్యూ."

"ఎలా అయింది?"

బాగా జరిగింది అని నోటి చివరిదాకా వచ్చింది. అలవాటైన మాట. దాన్ని మింగడానికి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

"బాగా జరగలేదమ్మా. వాళ్లకి కావాల్సిన కొత్త టూల్ ఒకటి నాకు రాదు. వచ్చని చెప్పబోయి, రాదని చెప్పాను."

"ఇప్పటికి ఎన్ని అప్లై చేశావ్?"

"ముప్ఫై ఒకటి."

"ఎంతమంది పిలిచారు?"

"నలుగురు. ముగ్గురు కాదన్నారు. నిన్నటివాళ్లు సోమవారం చెప్తారు, వాళ్లూ కాదనే అంటారనుకుంటాను."

వర్షిణి చెంచా కింద పెట్టింది. జాలిపడుతుందేమోనని భయపడ్డాను. జాలి కాదు. లాగ్‌బుక్‌లో వాక్యం రాసే ముందు పెట్టే మొహం పెట్టింది, కనుబొమలు దగ్గరకి లాక్కుని.

"రోజంతా ఇంట్లో ఒక్కడివే ఉంటావ్ కదా. కష్టంగా ఉందా నాన్నా?"

"ఉందమ్మా" అన్నాను. "చాలా కష్టంగా ఉంది."

ఈ మాట మూడు నెలల్లో ఎవరితోనూ అనలేదు. ఇందులో కూడా రాయలేదు. అది కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చి కూర్చుంది, మిగిలిన ఆమ్లెట్ ఇద్దరం తిన్నాం.